ప్రాజెక్టుకి ఏ మైక్రోకెర్నల్? హర్డ్, మినిక్స్, ఎస్ఈఎల్4, రెడాక్స్

"సార్, ఈసారి మెషీన్ లెర్నింగ్ వద్దనుకున్నాం. ఆపరేటింగ్ సిస్టమ్ మీద చేద్దామని ఉంది. మైక్రోకెర్నల్ అయితే ఎలా ఉంటుంది?" ఫైనలియర్ సీఎస్ఈ పిల్లల్లో ఏటా ఒకరిద్దరైనా ఈ మాట అడుగుతారు. వీళ్ళలో రెండు రకాలు. అమీర్‌పేటలో రెడీమేడ్‌గా దొరికే ప్రాజెక్టుల మధ్య తమది కాస్త వేరుగా కనిపిస్తే చాలనుకునేవాళ్ళు ఒక రకం. కెర్నల్ లోపల అసలేం జరుగుతుందో చూడందే నిద్రపట్టనివాళ్ళు రెండో రకం. ఈ వ్యాసం రెండో రకం కోసం. మొదటి రకానికి ఒక్క మాటలో జవాబు చెప్పేస్తాను: మినిక్స్ తీసుకోండి, టెన్షన్ లేకుండా పూర్తి చేసుకోండి.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా దొరికే మైక్రోకెర్నళ్ళలో గట్టివి నాలుగైదు ఉన్నాయి. నెట్‌లో వాటి పోలిక పట్టికలకేం కొదవ లేదు. ఏ లైసెన్సు, ఏ ప్రాసెసర్, ఎన్ని వేల లైన్లు... అన్నీ చదివాక కూడా ఏది పట్టుకోవాలో తేలదు. నేను చూసేది వేరే. ఆ కెర్నల్ ఎలా పుట్టింది, ఎక్కడ ఆగింది, ఎవరు వదిలేసి వెళ్ళారు, ఇప్పుడు ఎవరు మిగిలారు. మీకు ఫోర్-టూలో, అంటే ఆఖరి సెమిస్టర్‌లో, ఎదురయ్యే తిప్పలు చాలావరకు ఆ చరిత్రలో ముందే కనిపిస్తాయి.

అసలు విషయంలోకి వెళ్ళేముందు, కొత్తవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. లినక్స్‌లో డ్రైవర్లు, ఫైల్ సిస్టమ్, నెట్‌వర్క్ అన్నీ కెర్నల్ లోపలే, ఒకే మెమరీలో కూర్చుంటాయి. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే ఫ్యూజు ఉన్నట్టన్నమాట. మూడో ఫ్లోర్‌లో ఎవరి గీజరో షార్ట్ అయితే అందరిళ్ళలో కరెంటు పోతుంది. మైక్రోకెర్నల్‌లో ప్రతి ఫ్లాట్‌కీ ఎంసీబీ వేరు. మెమరీ, ప్రాసెసర్ టైమ్, ప్రాసెస్‌ల మధ్య సందేశాలు... ఈ మూడే కెర్నల్ చూసుకుంటుంది. మిగతావన్నీ మామూలు ప్రోగ్రాముల్లా బయట నడుస్తాయి. కాకపోతే లినక్స్‌లో ఒక్క ఫంక్షన్ కాల్‌తో అయ్యే పనికి ఇక్కడ ఒకరికొకరు సందేశాలు పంపుకోవాలి. ఆ సందేశాలకు పట్టే టైమ్ దగ్గరే దశాబ్దాల గొడవంతా.

హర్డ్: నలభై ఏళ్ళ కల

హర్డ్ గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దాని కథ తెలిస్తే మిగతావాటిని ఎలా చూడాలో తెలుస్తుంది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్ కట్టాలని 1983 సెప్టెంబర్‌లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించారు. ఎడిటర్, కంపైలర్, షెల్ ఒక్కొక్కటే వచ్చాయి. కెర్నల్ మాత్రం చివరికి మిగిలిపోయింది. ఎంఐటీలో తయారైన ట్రిక్స్ అనే కెర్నల్‌ని తీసుకుని 1986 చివర్లో మార్పులు మొదలుపెట్టారు. అది నడిచేదేమో ఖరీదైన, ఎవరి దగ్గరా లేని ఒక 68000 మెషీన్ మీద. దాన్ని వదిలేశారు. తర్వాత కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో రిచర్డ్ రషీద్ బృందం 1985 నుంచి చేస్తున్న మాక్ అనే మైక్రోకెర్నల్ మీద కన్ను పడింది. (ఆపిల్ మ్యాక్ వేరు, ఇది వేరు. కానీ చుట్టరికం ఉంది. ఇవాళ్టి మ్యాక్ఓఎస్ కెర్నల్‌లో ఈ మాక్ వంశపు కోడే నడుస్తోంది.) మాక్ కోడ్‌ని సరైన లైసెన్సుతో ఇస్తారో లేదో తేలడానికే దాదాపు మూడేళ్ళు పట్టింది. దాంతో మాక్ మీద నడిచే సర్వర్ ప్రోగ్రాముల గుంపుగా అనుకున్న గ్నూ కెర్నల్, అంటే హర్డ్, పని 1990లో గానీ మొదలవలేదు.

మరుసటేడు ఆగస్టులో హెల్సింకీలో ఒక విద్యార్థి తన హాబీ కెర్నల్ గురించి నాలుగు లైన్లు రాశాడు. 1992లో దాన్ని జీపీఎల్ (కోడ్ పంచేవాళ్ళు సోర్స్ కూడా ఇవ్వాలనే గ్నూ లైసెన్సు) కిందికి తెచ్చాడు. గ్నూ వాళ్ళ కంపైలర్, షెల్, లైబ్రరీలు దాని మీదికి ఎక్కాయి. లినక్స్ కథ మీకు తెలిసిందే. హర్డ్ మొదటిసారి బూట్ అయ్యింది 1994లో. అప్పటికే కుర్రాళ్ళంతా అటు వెళ్ళిపోయారు.

ఈ ఆలస్యానికి లైసెన్సు ఒక్కటే కారణం కాదు. ఇక్కడ మీకు పనికొచ్చే పాఠం ఉంది. సర్వర్లన్నీ మామూలు ప్రోగ్రాములైతే డీబగ్గర్ పెట్టి హాయిగా తప్పులు పట్టుకోవచ్చు, కెర్నల్ డీబగ్గింగ్ బాధ తప్పుతుంది... మాక్‌ని ఎంచుకోవడానికి ఇదో పెద్ద కారణమని స్టాల్‌మనే రాశారు. జరిగింది తారుమారు. అనేక థ్రెడ్లున్న సర్వర్లు ఒకదానికొకటి సందేశాలు పంపుకుంటుంటే, తప్పు ఎక్కడ మొదలైందో పట్టుకోవడమే గగనమైంది. హర్డ్‌ని డిజైన్ చేసిన థామస్ బుష్నెల్ కూడా, బీఎస్‌డీ అనే యూనిక్స్ కోడ్ తీసుకుని మామూలు కెర్నల్ కట్టి ఉంటే పని ఎప్పుడో అయిపోయేదని తర్వాత అన్నారు. మీరు ఏ మైక్రోకెర్నల్ తీసుకున్నా ఇదే జరుగుతుంది. కోడ్ రాయడానికి పట్టే టైమ్ కన్నా "ఈ సందేశం ఎవరు పంపారు, ఎవరు జవాబివ్వకుండా కూర్చున్నారు" అని వెతకడానికి పట్టే టైమ్ ఎక్కువ. సినాప్సిస్‌లో షెడ్యూల్ వేసేటప్పుడు దీన్ని లెక్కలో పెట్టుకోండి.

1996లో 0.0, 1997లో 0.2 విడుదలయ్యాయి. తర్వాత చెప్పుకోదగ్గ ప్రకటన 2013లో, గ్నూ ముప్పై ఏళ్ళ పండగ నాడు 0.5. 2016 డిసెంబర్‌లో 0.9. 1.0 ఇప్పటికీ రాలేదు. ఈ నంబర్లు చూసి నవ్వేవాళ్ళున్నారు. నాకైతే నవ్వు రాదు. జీతం లేకుండా గుప్పెడు మంది ఇన్నేళ్ళు ఒక కెర్నల్‌ని బతికించి ఉంచడం చిన్న సంగతేం కాదు.

మధ్యలో ఇంకో మలుపు ఉంది. మాక్ పాతబడిపోయిందని, దాని కింద నుంచి తీసేసి వేగంగా ఉండే ఎల్4 కెర్నల్ పెడదామని 2000 తర్వాత మార్కస్ బ్రింక్‌మన్, నీల్ వాల్‌ఫీల్డ్ పని మొదలుపెట్టారు. 2005 నాటికి దాని మీద ఒక చిన్న ప్రోగ్రాము నడిచింది కూడా. కానీ లోతుకు వెళ్ళేకొద్దీ, కెర్నల్ ఒక్కటి మారిస్తే చాలదు, హర్డ్ డిజైన్‌నే మళ్ళీ ఆలోచించాలని వాళ్ళకే అర్థమైంది. కోయోటోస్ అనే ఇంకో కెర్నల్ అన్నారు, తర్వాత వాల్‌ఫీల్డ్ వియెన్‌గూస్ అని సొంత కెర్నల్ రాశారు. ఏదీ హర్డ్ కింద కుదురుకోలేదు. హర్డ్ ఇవాళ్టికీ గ్నూ మాక్ మీదే నడుస్తోంది. "హర్డ్‌ని ఎల్4 మీదికి పోర్ట్ చేస్తాం" అని టైటిల్ పెట్టుకొచ్చే టీమ్ ఎప్పుడో ఒకటి తగులుతుంది. ఆరిందాలు ఏళ్ళ తరబడి కుస్తీ పట్టి వదిలేసిన పనిని నలుగురు నాలుగు నెలల్లో చేయలేరు. టైటిల్ మార్చుకోండి.

ఇప్పుడు హర్డ్ పరిస్థితేంటి? ఇన్‌స్టాల్ చేసుకోవాలంటే మొదట చూడాల్సింది డెబియన్ గ్నూ/హర్డ్. 2013 నుంచి దాదాపు రెండేళ్ళకోసారి విడుదల చేస్తున్నారు. డెబియన్ ప్యాకేజీల్లో సుమారు 70 శాతం దాని మీద బిల్డ్ అవుతాయి. 2025 ఆగస్టు విడుదలతో 64 బిట్ సపోర్ట్ వచ్చింది. డిస్క్ డ్రైవర్లు నెట్‌బీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి రంప్ అనే పద్ధతిలో తెచ్చుకుని, వాటిని కెర్నల్ బయట మామూలు ప్రాసెస్‌గా నడుపుతున్నారు. అంతకుముందు గ్నూ మాక్ లోపల ఉన్నవి లినక్స్ 2.0 కాలం నాటి డ్రైవర్లు! ఒకప్పుడు 2 జీబీ దాటిన పార్టిషన్ అంటే హర్డ్‌కి కుదిరేది కాదు, ఎందుకంటే ఫైల్ సిస్టమ్ సర్వర్ పార్టిషన్ మొత్తాన్ని తన మెమరీలోకి మ్యాప్ చేసుకునేది. ఆ తలనొప్పి తీరిపోయింది. వైఫై, సౌండ్ మాత్రం ఆశించకండి.

బూట్ అవుతుంటే స్క్రీన్ మీద చూడండి. హర్డ్ సర్వర్ బూట్‌స్ట్రాప్ అని ఒక లైను మొదలై, దాని పక్కనే ఈఎక్స్‌టీ2ఎఫ్ఎస్, ఎగ్జెక్, స్టార్టప్, ప్రోక్, ఆథ్ అని ఒక్కో పేరూ వచ్చి చేరుతుంది. పుస్తకంలో డబ్బాలు గీసి చూపించే మల్టీ సర్వర్ అంటే ఇదే. ఫైల్ సిస్టమ్ ఒక ప్రోగ్రాము, ప్రోగ్రాముల్ని లోడ్ చేసేది ఇంకో ప్రోగ్రాము, ఎవరికి ఏ హక్కులున్నాయో చెప్పేది మరో ప్రోగ్రాము. ఆథ్ సర్వర్ పుణ్యమా అని ఏ యూజర్ ఐడీ లేని ప్రాసెస్ ఉండొచ్చు, ఒకేసారి ఇద్దరు యూజర్ల హక్కులున్న ప్రాసెస్ కూడా ఉండొచ్చు.

హర్డ్‌లో నాకు నచ్చేది ట్రాన్స్‌లేటర్. రూట్ కాని మామూలు యూజర్‌గా లాగిన్ అయి, మీ హోమ్ డైరెక్టరీలో ఒక ఫైలు పేరుకి సెట్‌ట్రాన్స్ కమాండ్‌తో హర్డ్ డైరెక్టరీలోని హలో ప్రోగ్రాముని తగిలించండి. ఆ ఫైలుని చూడటానికి క్యాట్ కమాండ్ కొడితే హలో వరల్డ్ అని వస్తుంది. డిస్క్ మీద ఆ అక్షరాలు ఎక్కడా లేవు. మీరు చదవమనగానే ఆ ప్రోగ్రాము జవాబిచ్చింది, అంతే. ఎఫ్‌టీపీ సైటుని ఇలాగే డైరెక్టరీలా చూడొచ్చు. నెట్‌వర్క్ స్టాక్ కూడా ఇలా తగిలించిన ఒక ట్రాన్స్‌లేటరే. పాస్‌వర్డ్, సూడో, అడ్మిన్ పర్మిషన్ ఏమీ అక్కర్లేదు. మీ ఫైలు, మీ ఇష్టం. స్వేచ్ఛ అన్న మాటని లైసెన్సుతో ఆపకుండా డిజైన్‌లోకి తెచ్చిన కెర్నల్ ఇదని నేనంటాను.

అందుకే హర్డ్ మీద ప్రాజెక్టంటే ట్రాన్స్‌లేటర్ రాయమంటాను. ఒకే ఫైలులా కనిపించేదైతే లిబ్‌ట్రివ్ఎఫ్ఎస్, డైరెక్టరీలా కనిపించేదైతే లిబ్‌నెట్ఎఫ్ఎస్ లైబ్రరీ చాలు. రిజల్ట్స్ పేజీని డైరెక్టరీలా చూపించే ట్రాన్స్‌లేటర్ ఊహించుకోండి. మీ హాల్‌టికెట్ నంబరే ఫైలు పేరు. క్యాట్ కొడితే మార్కులొస్తాయి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ కుర్చీలో ముందుకి వంగి చూడకపోతే అడగండి.

ఆయన అడిగే ప్రశ్న కూడా నాకు తెలుసు. "ఇదే పని లినక్స్‌లో ఫ్యూజ్‌తో చేయొచ్చు కదమ్మా?" (ఇది ఇందాకటి కరెంటు ఫ్యూజు కాదు, ఫైల్ సిస్టమ్‌ని మామూలు ప్రోగ్రాముగా రాసుకునే సౌకర్యం.) చేయొచ్చు. 2005 నుంచి లినక్స్ కెర్నల్‌లోనే ఉంది. అలా కాదని వాదనకి దిగకండి, ఓడిపోతారు. తేడా ఎక్కడుందంటే, లినక్స్‌లో అది తర్వాత అమర్చిన దారి, ఫైల్ సిస్టమ్ వరకే. హర్డ్‌లో మొత్తం సిస్టమ్ కట్టిందే ఆ దారి మీద. నెట్‌వర్క్ స్టాకైనా, సబ్‌హర్డ్ పేరుతో ఇంకో హర్డ్ మొత్తాన్నైనా మీ సొంతానికి విడిగా నడుపుకోవచ్చు. ఈ ఒక్క జవాబు చక్కగా చెప్పగలిగితే వైవా గట్టెక్కినట్టే.

మరి హర్డ్ ఎవరికి? సీ బాగా వచ్చి, పాత కోడ్ చదివే ఓపిక ఉండి, సాయం కోసం రెండ్రోజులు ఎదురుచూడగలిగేవాళ్ళకి. అడిగిన ప్రశ్నకి జవాబు వస్తుంది, ఎన్నో ఏళ్ళుగా దాన్ని మోస్తున్న శామ్యుయెల్ థిబో లాంటివాళ్ళే స్వయంగా ఇస్తారు. కానీ వాళ్ళ సంఖ్య తక్కువ. హర్డ్ మీద బిల్డ్ కాని డెబియన్ ప్యాకేజీలు ఇంకా వేలల్లో ఉన్నాయి, అందులో ఒకదాన్ని బాగుచేసి ప్యాచ్ పంపడం కూడా మంచి పనే. నగరంలో స్వేచ్ఛ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందాల చుట్టూ తిరిగే పిల్లలకి నేను ముందు చెప్పేది ఇదే. ఉద్యోగం కోసం అయితే హర్డ్ వద్దు. రెజ్యూమేలో ఆ పేరు చూసి గుర్తుపట్టే ఇంటర్వ్యూయర్ దొరకడం మీ అదృష్టం.

మినిక్స్: చదువుకోవడానికే పుట్టింది

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆండ్రూ టానెన్‌బామ్ 1987లో పాఠం చెప్పడానికని రాసిన సిస్టమ్ ఇది. పైన చెప్పిన హెల్సింకీ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తన కెర్నల్ రాసుకున్నది మినిక్స్ నడుస్తున్న మెషీన్ మీదే. 1992 జనవరిలో టానెన్‌బామ్ "లినక్స్ కాలం చెల్లినది" అంటూ అన్నీ కెర్నల్ లోపలే పెట్టే మోనోలిథిక్ డిజైన్ మీద విరుచుకుపడటం, లినస్ అంతే ఘాటుగా జవాబివ్వడం ఓఎస్ క్లాసుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. డిజైన్ సంగతి పక్కన పెడితే, అప్పట్లో మినిక్స్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు. బీఎస్‌డీ లైసెన్సుతో ఇచ్చింది 2000లో. అప్పటికి బస్సు వెళ్ళిపోయింది.

2005 అక్టోబర్‌లో వచ్చిన మినిక్స్ 3 పూర్తిగా వేరే. చదువుకోవడానికే కాదు, చెడిపోకుండా నడవడానికి కూడా అన్నారు. మొదట్లో కెర్నల్ సుమారు 4 వేల లైన్లు. రీఇన్‌కార్నేషన్ సర్వర్ అని ఒకటుంది. డ్రైవర్ చచ్చిపోతే ఇది గమనించి మళ్ళీ పుట్టిస్తుంది. డెమోకి ఇంతకన్నా ఏం కావాలి? నెట్‌వర్క్ నుంచి పెద్ద ఫైలొకటి డౌన్‌లోడ్ పెట్టి, మధ్యలో నెట్‌వర్క్ డ్రైవర్‌ని కిల్ కొట్టండి. ఒక్క క్షణం తడబడి డౌన్‌లోడ్ మళ్ళీ సాగుతుంది. అన్ని డ్రైవర్లకీ ఇది కుదరదని కూడా చెప్పండి. పాట మధ్యలో ఆడియో డ్రైవర్ పోతే ఆ ముక్క పోయినట్టే, అప్లికేషన్ చూసుకోవాల్సిందే.

పుస్తకం సంగతి. టానెన్‌బామ్ పాఠ్యపుస్తకం మూడో ఎడిషన్, 2006ది, కోడ్‌తో సహా ఆబిడ్స్ ఆదివారం బజారులో ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. కానీ ఆ పుస్తకంలో ఉన్నది 3.1.0 వెర్షన్. వర్చువల్ మెమరీ తర్వాత వచ్చింది. 3.2 నుంచి నెట్‌బీఎస్‌డీ యూజర్‌ల్యాండ్, అంటే కెర్నల్ బయటి లైబ్రరీలు, కమాండ్లు, వచ్చి చేరింది. 3.3 దించుకుని, పుస్తకం తెరిచి, లైన్ నంబర్లు కలవట్లేదని తల పట్టుకునేవాళ్ళని చాలామందిని చూశాను. పుస్తకంతో చదివేవాళ్ళు 3.1.0 పెట్టుకోండి. వర్చువల్ మెమరీ, ఏఆర్ఎమ్ బోర్డు కావాలంటేనే 3.3.

దీని చరిత్రలో చూడాల్సింది ముగింపు. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ ఇచ్చిన 25 లక్షల యూరోల గ్రాంటుతో పని జోరుగా సాగింది. గ్రాంటు అయిపోయింది. టానెన్‌బామ్ 2014లో రిటైరయ్యారు. 2017లో వచ్చిన 3.4 రిలీజ్ క్యాండిడేటే ఆఖరుది, ఆ తర్వాత కోడ్‌లో పెద్దగా చప్పుడు లేదు. అదే ఏడాది ఇంకో సంగతి బయటపడింది. ఇంటెల్ చిప్‌సెట్లలో మేనేజ్‌మెంట్ ఇంజిన్ (మెయిన్ ప్రాసెసర్‌తో పని లేకుండా విడిగా నడిచే చిన్న కంప్యూటర్) లోపల నడుస్తున్నది మినిక్స్ 3 అని! లైసెన్సు ప్రకారం చెప్పాల్సిన పని లేదు, మర్యాద కోసం చెప్పి ఉంటే బావుండేదని టానెన్‌బామ్ ఇంటెల్‌కి బహిరంగ లేఖ రాశారు. కోట్ల మెషీన్లలోకి వెళ్ళిన కోడ్, దాని సోర్స్‌ని వాడేవాళ్ళకి చూపించాల్సిన బాధ్యత మాత్రం కంపెనీకి లేదు. జీపీఎల్‌కీ బీఎస్‌డీకీ తేడా ఏంటని ఎవరైనా అడిగితే నేను ఈ ఒక్క ఉదాహరణతో సరిపెడతాను.

అంటే, మీరు మినిక్స్ మీద రాసే కోడ్‌ని తీసుకునేవాళ్ళు ఎవరూ లేరు. సెమిస్టర్‌తో మొదలై సెమిస్టర్‌తో అయిపోయే పని అది. ల్యాబ్ సెటప్ చేయాలనుకునే లెక్చరర్లకి అదేం లోటు కాదు. కోడ్ కదలదు కాబట్టి నోట్స్ కూడా ఏటా మార్చుకోనక్కర్లేదు.

ఎస్ఈఎల్4: ఉద్యోగం కళ్ళ ముందుంటే

మాక్ నెమ్మదనం చూసి మైక్రోకెర్నళ్ళంటేనే ఇంతే అని అందరూ నిరాశపడ్డ రోజుల్లో, జర్మనీలో యోఖెన్ లీడ్‌కే కాదన్నారు. తప్పు ఆలోచనలో లేదు, కట్టిన తీరులో ఉందన్నారు. 1993లో ఆయన చూపించిన లెక్క: 50 మెగాహెర్ట్జ్ 486 మీద చిన్న సందేశం పంపడానికి మాక్‌కి 115 మైక్రోసెకన్లు పడితే, ఆయన ఎల్3కి 5 చిల్లర. అక్కడి నుంచి ఎల్4 కుటుంబం మొదలైంది. ఆయన 2001లోనే పోయారు. ఆ వంశంలో ఓకేఎల్4 అనేది క్వాల్‌కామ్ మోడెమ్ చిప్‌ల ద్వారా వంద కోట్లకు పైగా ఫోన్లలోకి వెళ్ళింది.

సిడ్నీలో గెర్నాట్ హైజర్ బృందం చేసిన ఎస్ఈఎల్4 ఇంకో మెట్టు పైకెక్కింది. సుమారు 8,700 లైన్ల సీ కోడ్, స్పెసిఫికేషన్‌లో రాసినట్టే నడుస్తుందని 2009లో గణితంతో నిరూపించారు. నిరూపణే దాదాపు 2 లక్షల లైన్లు. 2014 జూలైలో జీపీఎల్ కింద సోర్స్ విడుదల చేశారు. 2020లో ఫౌండేషన్ ఏర్పడింది. మరుసటేడు సొంత సంస్థే ఆ బృందాన్ని వదిలించుకుంది. అయినా పని ఆగలేదు, ఎందుకంటే అప్పటికే కోడ్ స్వేచ్ఛగా బయట ఉంది, ఫౌండేషన్ ఉంది. హర్డ్‌కి ఎప్పుడూ లేని బలం ఇదే: డబ్బు పెట్టే కంపెనీలు, జీతం తీసుకునే మనుషులు.

ఇబ్బంది ఎక్కడంటే, ఇది ఆపరేటింగ్ సిస్టమ్ కాదు. బూట్ చేస్తే షెల్ రాదు, ఎల్ఎస్ కొట్టడానికి ఏమీ ఉండదు. బూట్ అయ్యాక కెర్నల్ తనంతట తాను మెమరీ కూడా కేటాయించదు. అన్‌టైప్డ్ మెమరీ ముక్కల్ని మీ ప్రోగ్రామే తీసుకుని, ఇది థ్రెడ్‌కి, ఇది పేజీకి అని మార్చుకోవాలి. ప్రతిదానికీ కేపబిలిటీ అనే టోకెన్ ఉండాలి. మొదటి రెండు వారాలు ఏడుపొస్తుంది. అందుకే నేరుగా కెర్నల్ మీద కాకుండా మైక్రోకిట్‌తో మొదలుపెట్టండి. ఏ ప్రోగ్రాములున్నాయి, ఎవరు ఎవరితో మాట్లాడొచ్చు అని ఒక ఎక్స్ఎంఎల్ ఫైలులో రాస్తే మిగతాది అదే చూసుకుంటుంది.

రిపోర్టులో "హ్యాక్ చేయలేని కెర్నల్" అని మాత్రం రాయకండి. నిరూపణ కొన్ని ప్రాసెసర్లకి, కొన్ని కాన్ఫిగరేషన్లకే వర్తిస్తుంది. హార్డ్‌వేర్ సరిగ్గా ఉందని, బూట్ కోడ్, అసెంబ్లీ ముక్కలు సరిగ్గా ఉన్నాయని అనుకునే ఆ నిరూపణ నడుస్తుంది. దాని మీద మీరు రాసిన డ్రైవర్‌కి ఏ నిరూపణా లేదు. ఈ హద్దులు రాసినవాళ్ళకే ఎక్స్‌టర్నల్ దగ్గర విలువ.

ఉద్యోగం మాటకొస్తే, ఈ ఊళ్ళో ఎంబెడెడ్, ఆటోమొబైల్ పని తక్కువేం కాదు. మాదాపూర్‌లో క్వాల్‌కామ్ ఉంది. కార్లలో ఎక్కువగా వాడే క్యూఎన్ఎక్స్ కోసం బ్లాక్‌బెర్రీ 2023లో హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రం తెరిచింది. క్యూఎన్ఎక్స్ కూడా మైక్రోకెర్నలే, కాకపోతే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు. 2007లో సోర్స్ చూడనిచ్చారు, 2010లో కంపెనీ చేతులు మారగానే తలుపు మూసేశారు. చూడనివ్వడం వేరు, హక్కు ఇవ్వడం వేరు. అయినా సందేశాలతో ఆలోచించడం ఎస్ఈఎల్4 మీద నేర్చుకుంటే అది అక్కడా పనికొస్తుంది.

రెడాక్స్, జెనోడ్

రస్ట్ భాష నేర్చుకుంటున్నవాళ్ళకి రెడాక్స్. 2015లో జెరెమీ సోలర్ మొదలుపెట్టారు, ఎంఐటీ లైసెన్సు, 2024 సెప్టెంబర్‌లో 0.9 వచ్చింది. డెస్క్‌టాప్ కనిపిస్తుంది, మౌస్ కదులుతుంది. ఇంట్లోవాళ్ళకి చూపించినా "ఇదేదో చేశాడు" అనిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, పని వేగంగా జరుగుతోంది, కొత్తవాళ్ళ ప్యాచ్‌లు తీసుకుంటున్నారు. దాని ఇబ్బంది కూడా ఆ వేగమే. జనవరిలో చదివిన కోడ్ మార్చికి మారిపోతుంది. ఒక తేదీ దగ్గర కోడ్‌ని ఆపుకుని, ప్రాజెక్టు అయ్యేదాకా అప్‌డేట్ జోలికి పోకండి.

జెనోడ్ సొంత కెర్నల్‌కే కట్టుబడి ఉండదు. ఎస్ఈఎల్4, నోవా లాంటి ఎన్నో కెర్నళ్ళ మీద, చివరికి లినక్స్ మీద కూడా నడిచే ఫ్రేమ్‌వర్క్. డ్రెస్డెన్‌లో పుట్టింది, ఏజీపీఎల్ లైసెన్సు. లినక్స్ మీదే రాసి, టెస్ట్ చేసి, తర్వాత అదే ప్రోగ్రాముని ఎస్ఈఎల్4 మీద నడపొచ్చు కాబట్టి "రెండు కెర్నళ్ళ మీద ఒకే ప్రోగ్రాము వేగం పోలిక" లాంటి టైటిల్‌కి దీన్ని మించింది లేదు. సీ++ గట్టిగా రావాలి. ప్రాగ్‌లో చేసిన హెలెన్‌ఓఎస్ కోడ్ శుభ్రంగా ఉంటుంది, చదువుకోండి. గూగుల్ మైక్రోకెర్నల్ జిర్కాన్ సోర్స్ ఓపెనే అయినా దారి ఎటో నిర్ణయించేది కంపెనీ. సెమిస్టర్ పనికి అంత బరువు అనవసరం.

మొదలుపెట్టేముందు

వీటిలో దేనికీ కొత్త ల్యాప్‌టాప్ అక్కర్లేదు. అన్నీ క్యూఎము అనే ఎమ్యులేటర్‌లో నడుస్తాయి. 8 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్ చాలు, రెడాక్స్ బిల్డ్‌కి మాత్రం 16 ఉంటే మంచిది. అసలు హార్డ్‌వేర్ మీద చూపించాలని పట్టుదల ఉంటే హర్డ్ కోసం వైర్డ్ నెట్‌వర్క్ పోర్టున్న పాత థింక్‌ప్యాడ్ సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో వెతకండి. కొనేముందు లైవ్ యూఎస్‌బీతో లినక్స్ బూట్ చేసి లోపల ఏ నెట్‌వర్క్ చిప్ ఉందో చూసుకోండి. ఎస్ఈఎల్4కి రాస్ప్‌బెర్రీ పై 4, మినిక్స్ 3.3కి బీగల్‌బోన్ సరిపోతాయి. డెమో రోజు ప్రొజెక్టర్ ముందు బోర్డు మీదే ఆధారపడకుండా, అదే పని క్యూఎములో కూడా సిద్ధంగా ఉంచుకోండి.

టీమ్‌లో నలుగురుంటే నలుగురూ ఒకే సర్వర్ కోడ్ మీద పడకండి. హర్డ్ ట్రాన్స్‌లేటరైతే ఇద్దరికే పని ఉంటుంది. మిగతా ఇద్దరూ అదే సౌకర్యాన్ని లినక్స్‌లో ఫ్యూజ్‌తో రాసి రెండిటి వేగాన్ని కొలవండి. రిపోర్టులో ఒక అధ్యాయం దానంతటదే వచ్చేస్తుంది.

మొదటి రివ్యూ నాటికి మీరు ఎంచుకున్న కెర్నల్ మీ చేతులతో బిల్డ్ అయి, మీరు మార్చిన ఒక్క లైనైనా స్క్రీన్ మీద కనిపించాలి. దించుకున్న ఇమేజ్ బూట్ అవ్వడం లెక్కలోకి రాదు. అక్కడికి చేరకపోతే మొహమాటపడకుండా మార్చేయండి. ఎస్ఈఎల్4 మీద తిప్పలు పడేవాళ్ళు జెనోడ్‌కి, హర్డ్ బిల్డ్ దగ్గర ఇరుక్కున్నవాళ్ళు మినిక్స్ 3.1.0కి రావచ్చు. టైటిల్ మార్పు లెటర్ మీద హెచ్ఓడీ సంతకం రెండో రివ్యూ తర్వాత దొరకదు కాబట్టి, ఆ నిర్ణయం సంక్రాంతి సెలవుల లోపలే తీసుకోండి.